రావలసినదానిని అడుగుట

అడుగుట యనిన తెలుగువానికి సహజముగనే కొంత సంకోచము. పదిమందికి అన్నము పెట్టుటలో ఎంత ఉదారుడో తన కొరకు నోరు తెరచుటలో అంత బిడియస్థుడు. "ఒకరి ముందు చేయి చాచకుండ బ్రతికినాము" అను మాట మన పెద్దలు తమ జీవితమునకు తామే వ్రాసికొను యోగ్యతాపత్రము. ఆ అభిమానమును నేను తప్పుపట్టను. కాని న్యూ జెర్సీ రాష్ట్రమందలి ఎడిసన్ పట్టణమునకు వచ్చి, ఓక్ ట్రీ రోడ్డు చుట్టుపట్ల అద్దె అపార్టుమెంటులలోనో సొంత యిండ్లలోనో కాపురము పెట్టి, జీతము వచ్చినప్పుడెల్ల ఫెడరల్ పన్ననియు, రాష్ట్రపు పన్ననియు, సోషల్ సెక్యూరిటీ యనియు, మెడికేర్ అనియు పలుపేర్లతో కోతలు పడుచుండగా మారుమాటాడక సహించు గృహస్థుడు, అదే ప్రభుత్వము చట్టపూర్వకముగా తనకు తిరిగి ఈయదలచిన సొమ్ము ప్రసక్తి వచ్చినప్పుడు మాత్రము "మనకేం వస్తుందిలెండి" అని పెదవి విరిచి ఊరకుండుట అభిమానము క్రిందికి రాదు. అది అజాగ్రత్త క్రింద జమ.

తొలుత గ్రహింపవలసినది ఈ సొమ్ములన్నియు ఒక జాతివి కావనుట. కొన్ని బీమా వంటివి: పనిచేయు కాలమున జీతమునుండి చందా చెల్లించితిమి గనుక, ప్రసవమో వ్యాధియో సంభవించినపుడు అవి మనకు చెల్లును. కొన్ని పన్ను క్రెడిట్లు: ఇట్టి ఆదాయము, ఇట్టి కుటుంబము, ఇట్టి వ్యయము గలవారి పన్ను ఇంత తగ్గవలెనని శాసనసభ నిర్ణయించినవి. ఆహార సహాయమగు స్నాప్, వైద్య సహాయమగు మెడికెయిడ్ మొదలగునవి మాత్రమే కుటుంబపు లేమిని చూచి ఇచ్చు సహాయములు. వానిని పొందుటలోను అవమానమేమియు లేదు గాని, మన విందులలో ఈ మూడు తెగలను కలగాపులగము చేసి "వెల్ఫేర్" అని ముక్కు విరుచుట వాడుకయైపోయినది. డిడక్షనునకును క్రెడిట్టునకును గల భేదము సైతము చాలమందికి తెలియదు. డిడక్షను ఆదాయమును తగ్గించును. క్రెడిట్టు పన్నునే తగ్గించును. 22 శాతపు శ్లాబులో నున్నవానికి వేయి డాలర్ల డిడక్షను 220 డాలర్లు మిగుల్చును, వేయి డాలర్ల క్రెడిట్టు పూర్తిగా వేయి డాలర్లు మిగుల్చును. రిఫండబుల్ అనబడు క్రెడిట్లైనచో, పన్ను సున్న అయిన తరువాత మిగిలిన మొత్తము బ్యాంకు ఖాతాకు వచ్చి చేరును. 1975లో కాంగ్రెస్ నెలకొల్పిన ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్ ఈ తరగతిలోనిదే. ఒడలు వంచి పనిచేసి ఆర్జించినది కొంతయైన లేనివానికి అది ఒక్క డాలరైన రాదు. అట్టిదానిని భిక్ష యనువారు చట్టము చదువనివారు.

ఇక మనవారిని ఎక్కువగా చిక్కుపెట్టునది, వలస చట్టము ఒక భాషలోను పన్నుల చట్టము మరియొక భాషలోను మాటాడుట. హెచ్-1బి వీసా మీద నున్నవాడు వలస చట్టము దృష్టిలో "నాన్ ఇమ్మిగ్రెంట్". గ్రీన్ కార్డు కొరకు ఏండ్లకేండ్లు వరుసలో నిలిచియుండువాడు. కాని పన్నుల చట్టము అతని వీసా రంగును చూడదు. ఈ దేశమున ఎన్ని దినములున్నాడో లెక్కించును. ఆ సంవత్సరము కనీసము 31 దినములుండి, ఆ సంవత్సరపు దినములన్నిటిని, అంతకు ముందటి యేటి దినములలో మూడవవంతును, దానికి ముందటి యేటి దినములలో ఆరవవంతును కూడినపుడు 183 గాని అంతకెక్కువ గాని తేలినచో, గ్రీన్ కార్డు లేకున్నను అతడు పన్నుల విషయమున రెసిడెంటే. కావున అమెరికా పౌరుడు నింపు 1040 ఫారమే అతడును నింపును. భూగోళముననెక్కడ ఆర్జించినను, హైదరాబాదు బ్యాంకులోని డిపాజిట్టు వడ్డీతో సహా, లెక్క చూపును. ఆ భారమునకు తోడుగా క్రెడిట్ల హక్కును పొందును. భారమునంతయు మోసి హక్కునుమాత్రము విడిచిపెట్టుట మన హెచ్-1బి సోదరులు చేయుచున్న వింత త్యాగము.

విద్యార్థుల సంగతి ఇందుకు విపర్యయము. ఎఫ్-1 వీసాపై వచ్చినవాని దినములు మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరములు ఆ లెక్కకు రావు. అతడు నాన్ రెసిడెంటు, అతని ఫారములు 1040-ఎన్‌ఆర్, 8843. ఓపీటీ అను విద్యార్థుల పని అనుమతిపై ఉద్యోగము దొరకిన సంతోషమున, మిత్రుడు చూపిన సాఫ్ట్‌వేరులో మామూలు 1040 నింపి, తనకు చెందని క్రెడిట్లు పుచ్చుకొని, అటుపిమ్మట గ్రీన్ కార్డు వేళ ఆ పాత కాగితమును తలచి కలత చెందువారు కలరు. 2020లో కోవిడ్ సహాయముగా వచ్చిన 1,200 డాలర్లు ఈ విధముగనే కొందరు విద్యార్థుల ఖాతాలలో పడినవి, వాపసు చేయవలసివచ్చినది. అయితే వారికి న్యాయముగా చెందునవి రెండు కలవు: భారత అమెరికాల మధ్య 1989లో కుదిరిన పన్ను ఒప్పందమును బట్టి భారతీయ విద్యార్థి నాన్ రెసిడెంటుగానే స్టాండర్డ్ డిడక్షను తీసికొనవచ్చును, ఆ కాలమున అతని జీతమునుండి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోయరాదు. పొరపాటున కోసినచో మొదట యజమానిని అడుగవలెను, అచట పని జరుగనిచో 843 ఫారముతో ఫెడరల్ పన్నుల శాఖయగు ఐ.ఆర్.ఎస్.ను అడుగవలెను.

రెసిడెన్సీ తరువాతి ద్వారము నంబరు. ఒకే యింట సోషల్ సెక్యూరిటీ నంబరు గలవారును, పనిచేయు అనుమతి లేనందున ఐటిన్ అను పన్ను నంబరు మాత్రమే గలవారును కలిసియుండుట ఎడిసన్ తెలుగు కుటుంబముల నిత్యస్థితి. భర్తకు హెచ్-1బి, భార్యకు అతని ఆశ్రితురాలిగా హెచ్-4. అనంతపురములో పుట్టిన పెద్దపిల్లకు హెచ్-4, ఇచట జేఎఫ్‌కే ఆసుపత్రిలో పుట్టిన చిన్నవానికి అమెరికా పౌరసత్వము. ఇరువురును ఒకే బడికి పోయి, ఒకే పళ్ళెములో తినువారు. అయినను 2025 సంవత్సరపు రిటర్నులో చిన్నవాని పేర 2,200 డాలర్ల చైల్డ్ టాక్స్ క్రెడిట్టు రాగా, పెద్దపిల్ల పేర "ఇతర ఆశ్రితుల" క్రెడిట్టు 500 మాత్రమే వచ్చును. ఆ భేదము న్యాయమా యని వాదించుట వేరు విషయము. ఆ 500 ఉన్నదనియైన తెలియక, పెద్దపిల్లకు ఐటిన్‌కే దరఖాస్తు పెట్టక, ఆమె పేరునే రిటర్నులో వ్రాయనివారిని గూర్చి నా విచారము. ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్టులోనైతే నియమము మరింత కఠినము: కలిసి రిటర్ను వేయు దంపతులలో ఒకరికి ఐటిన్ ఉన్నను ఆ క్రెడిట్టు మొత్తముగా రాదు.

ఈ నంబరు భేదము ఎంత దూరము పోగలదో కోవిడ్ సహాయమునకై 2020 మార్చి 27న వచ్చిన కేర్స్ చట్టము చూపినది. మనిషికి 1,200, పిల్లవానికి 500 డాలర్ల చొప్పున దేశమంతటను పంచినపుడు, భార్యాభర్తలు కలిసి రిటర్ను వేసి అందొకరికి ఐటిన్ ఉన్న యెడల, సైనికోద్యోగులు తక్క, ఆ కుటుంబమున ఎవరికిని ఏమియు రాకుండ ఆ చట్టము శాసించెను. పన్ను కట్టిన భర్తకు లేదు, ఇచటనే పుట్టిన బిడ్డకును లేదు. హెచ్-4 కుటుంబములు మిక్కిలి నొచ్చుకొన్న రోజులవి. తొమ్మిది నెలల తరువాత, అదే యేడు డిసెంబరు చివర చేసిన చట్టమున కాంగ్రెస్ దీనిని వెనుకటి తేదీనుండి సవరించి, సోషల్ సెక్యూరిటీ నంబరు గల జీవిత భాగస్వామికిని బిడ్డలకును ఆ సొమ్మును 2020 రిటర్నులో రికవరీ రిబేట్ క్రెడిట్టుగా అడుగు వీలు కల్పించెను. అడిగినవారికి వచ్చినది. "మనకు రాదని అప్పుడే చెప్పారు కదా" అని ఊరకున్నవారి గడువు 2024 మే 17తో తీరిపోయినది. మొదట లేదన్న చట్టమే పిమ్మట ఉన్నదనవచ్చును, ఉన్నదన్నది పోవనువచ్చును. కొత్త విద్యుత్ కారునకు ఇచ్చుచుండిన 7,500 డాలర్ల క్రెడిట్టు 2025 సెప్టెంబరు 30తో అంతమైనది. ఒకసారి విని మనసున నిలుపుకొన్న మాటతో పది సంవత్సరముల రిటర్నులు నింపరాదు.

ఐటిన్ పొందు విధమును కొంచెము నిలిచి చెప్పెదను. మనవారు జంకునది ఇచటనే. డబ్ల్యు-7 అను ఫారమును సాధారణముగా పన్ను రిటర్నుతో జతచేసి టెక్సస్‌లోని ఆస్టిన్ నగరమునకు పంపవలెను. దానితో అసలు పాస్‌పోర్టునుగాని, దానిని జారీచేసిన అధికారులు ధ్రువీకరించిన ప్రతినిగాని జోడింపవలెను. "అమ్మో, పాస్‌పోర్టు పోస్టులో వేయడమా, రేపు ఇండియాలో ఏదైనా అయితే ఎట్లా?" అను ప్రశ్న సహజమే. దానికి మూడు మార్గములు కలవు: న్యూయార్కులోని భారత కాన్సులేటునుండి ధ్రువీకృత ప్రతి తెచ్చుకొనుట, ఐ.ఆర్.ఎస్. సహాయ కేంద్రములలో ఈ పని చేయుచోట ముందుగా సమయము తీసికొని స్వయముగా చూపుట, లేక ఐ.ఆర్.ఎస్. గుర్తించిన సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంటునొద్దకు పోవుట. ఏ దారిన పోయినను, పిల్లల పాస్‌పోర్టులో అమెరికాలో ప్రవేశించిన తేదీ ముద్ర ఉన్నదో లేదో ముందే చూచుకొనవలెను; అది లేనిచో బడి రికార్డువంటి ఇతరాధారము కోరుదురు. మూడు సంవత్సరములు వరుసగా ఏ రిటర్నునందును వాడని ఐటిన్ మురిగిపోవును. హెచ్-4 ఇల్లాలికి 2015నుండి అమలులో నున్న పనిచేయు అనుమతి లభించి సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చినప్పుడు దానిని ఆనాటినుండి వాడుకొనవలసినదేగాని, ఆ నంబరు చూపి గడచిన యేండ్ల ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్టును తవ్వి తీయుటకు వీలులేదు.

రాష్ట్రపు సౌకర్యములకు వచ్చుసరికి మన ఉపేక్ష మరింత ఎక్కువ. ఆస్తిపన్ను సగటున ఏటికి 10,000 డాలర్లను మించిన న్యూ జెర్సీలో ఆ భారమును కొంత తగ్గించుటకు యాంకర్ అను పథకము కలదు. 2024 సంవత్సరపు లెక్కలో, 1,50,000 డాలర్ల లోపు ఆదాయముగల ఇంటి యజమానికి 1,500, అంతకు మించి 2,50,000 వరకు గలవానికి 1,000, 1,50,000 లోపు ఆదాయముగల అద్దెదారునకు 450 నిర్ణయింపబడినవి. 65 ఏండ్లు నిండినవారికి మరి 250 అదనము. మన అపార్టుమెంటువాసులకు ఆశ్చర్యము గొలుపునది ఆ అద్దెదారుల వంతు. ఆ యేడు అక్టోబరు 1న ఎచట నివసించితిరి, లీజులో పేరున్నదా, ఆ భవనము ఆస్తిపన్నునకు లోబడినదా యని చూతురేగాని, ఏ వీసా యని అడుగరు. ఇల్లు మారినవారు పాత అపార్టుమెంటునకు వచ్చిన ఉత్తరమును ప్రకటనల కాగితములతోపాటు పారవేయకుండ చూచుకొనవలెను. యాంకర్ వేరు, రాష్ట్రపు రిటర్నులోని ఆస్తిపన్ను డిడక్షను వేరు: అందు అద్దెదారు తాను చెల్లించిన అద్దెలో 18 శాతమును ఆస్తిపన్నుగా భావించి చూపవచ్చును. నెలకు 2,200 డాలర్ల అద్దె ఇచ్చువానికి అది ఏటికి 4,752 డాలర్లగును. ఆరేండ్లలోపు బిడ్డలున్న ఇంటి ఆదాయము 80,000 డాలర్లను మించనిచో, ఆదాయమును బట్టి బిడ్డకు 200 మొదలు 1,000 డాలర్ల వరకు రాష్ట్రమే ఇచ్చు చైల్డ్ టాక్స్ క్రెడిట్టు మరియొకటి. దానికి ఐటిన్ అడ్డు కాదు.

మీ పే స్టబ్ తీసి చూడుడు. దాని అడుగున టీడీఐ, ఎఫ్ఎల్ఐ అను రెండు చిన్న గీతలు కనబడును. మొదటిది తాత్కాలిక అశక్తతకు, రెండవది కుటుంబ సెలవునకు బీమా. మొదటి చట్టము ఈ రాష్ట్రమున 1948లోనే పుట్టినది. తగినంత కాలము పనిచేసి, తగినంత జీతము పొందిన తల్లికి మామూలుగా ప్రసవమునకు ముందు నాలుగు వారములు, తరువాత ఆరు వారములు, శస్త్రచికిత్స యైనచో ఎనిమిది, మొదటి బీమా క్రింద చెల్లును. అటుపిమ్మట బిడ్డతో గడుపుటకు పండ్రెండు వారముల వరకు రెండవది చెల్లును. సగటు వారపు జీతములో 85 శాతము, ఒక గరిష్ఠ పరిమితికి లోబడి, ఇత్తురు. తండ్రికిని ఈ రెండవ హక్కు కలదు. బిడ్డకు ఏడాది నిండులోపున దానిని వాడుకొనవచ్చును. సెలవు మొదలైన ముప్పది దినములలో దరఖాస్తు పెట్టవలెను. కాన్పు కొరకు అత్తగారు విజయవాడనుండి వచ్చినది గనుక అల్లుడు మరునాడే లాప్‌టాప్ తెరచుట మన యిండ్లలో సాధారణ దృశ్యము. చందామాత్రము అతడు ఏటేట కట్టుచునేయుండును.

ఉద్యోగస్థులైన దంపతులు పిల్లల సంరక్షణకు చేయు వ్యయముపై ఫెడరల్ క్రెడిట్టు కలదు: పదమూడేండ్ల లోపు బిడ్డ ఒకరైనచో 3,000, ఇద్దరు లేక అంతకెక్కువైనచో 6,000 డాలర్ల వ్యయము వరకు లెక్కించి, ఎక్కువ ఆదాయముగల కుటుంబములకు అందులో 20 శాతము పన్నులో తగ్గింతురు. పగటి వేసవి క్యాంపు దీనిక్రిందికి వచ్చును. రాత్రి బసగల క్యాంపు రాదు. లెక్కల ట్యూషను రాదు. ఆఫీసులోని డిపెండెంట్ కేర్ ఖాతానుండి చెల్లించిన సొమ్మునకు మరల క్రెడిట్టు అడుగరాదు. ఇంటిలోనే నలుగురు పిల్లలను చూచుకొను తెలుగు ఆంటీకి నెలనెల నగదు ఇచ్చి, మార్చిలో పోయి "ఆంటీ, మీ నంబరు కావాలి" అని అడిగినచో ఆమె మొగము మాడ్చుకొనును. డబ్ల్యు-10 అను చిన్న కాగితము ఇందుకే ఉన్నది. బిడ్డను చేర్చిన నాడే అది నింపించి పుచ్చుకొనుట ఉభయులకును గౌరవము.

అన్నదమ్ముల పిటిషనుపై పదునాలుగేండ్లకు పైగా వేచి, ఏబదియవ పడిలో గ్రీన్ కార్డుతో దిగిన దంపతులు నాకు ఎక్కువగా గుర్తుకు వచ్చుచుందురు. ఊరిలో పదిమందికి పని చెప్పినవారు, ఇచట ఒకరు కిరాణా దుకాణములో సరుకు సర్దుచు, ఒకరు డే కేర్‌లో వంట చేయుచు, ఎవరికిని తమ జీతము చెప్పనివారు. అట్టి ఇంటిని ఒకదానిని ఊహింతము. 2024లో ఇద్దరికిని కలిపి 38,000 డాలర్ల జీతము. ఇరువదియేండ్ల కుమారుడు మిడిల్‌సెక్స్ కాలేజీలో పూర్తికాల విద్యార్థి. "వాడికి పద్దెనిమిది దాటాయి, ఇంకేం క్రెడిట్టు?" అని తండ్రి యనును. పూర్తికాలము చదువుకొను బిడ్డ ఇరువదినాలుగేండ్ల లోపు ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్టునకు లెక్కకు వచ్చును. ఆ ఇంటికి ఫెడరల్ ప్రభుత్వమునుండి సుమారు 2,870 డాలర్లును, అందు 40 శాతముగా రాష్ట్రమునుండి సుమారు 1,150 డాలర్లును చెల్లును. ఫాఫ్సా అను విద్యాసహాయపు దరఖాస్తు నింపినచో, ఫెడరల్ పెల్ గ్రాంటునకు గ్రీన్ కార్డుదారులును అర్హులే. 65,000 డాలర్ల లోపు ఆదాయముగల ఇంటి పిల్లలకు రాష్ట్రము కమ్యూనిటీ కాలేజీ ట్యూషనే లేకుండ చేయుచున్నది. పిల్లలు లేని వృద్ధ కార్మికులకు అరువదియైదేండ్లు దాటినచో ఫెడరల్ వారు ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్టు నిరాకరింతురు. న్యూ జెర్సీ నిరాకరింపదు.

గ్రీన్ కార్డుపై వచ్చిన తల్లిదండ్రుల విషయము సంక్షేపముగా: 65 ఏండ్లు నిండి, ఐదేండ్లు ఎడతెగక నివసించిన పిమ్మట ప్రీమియము చెల్లించి మెడికేర్‌లో చేరవచ్చును; స్నాప్‌నకు 1996 చట్టము సాధారణముగా ఐదేండ్ల నిరీక్షణ పెట్టినది; వారిని రప్పించుటకు మీరు సంతకము చేసిన ఐ-864 పోషణ ప్రమాణపత్రము మీ ఆదాయమునే వారి ఆదాయముగా లెక్కింపజేయవచ్చును. ఇండియాలోనే నివసించు తల్లిదండ్రులను, ఎంత సొమ్ము పంపుచున్నను, ఆశ్రితులుగా చూపరాదు.

"ఇవి తీసుకుంటే గ్రీన్ కార్డుకు అడ్డం వస్తాయట గదా బావగారూ" అను భయము 2020 ఫిబ్రవరిలో అమలైన కఠిన నియమమునుండి మనలో వ్యాపించినది. ఆ నియమము మరుసటి యేడే పోయినది. 2022 డిసెంబరు 23నుండి వచ్చిన నియమము, బ్రతుకుతెరువునకై ఇచ్చు నగదు సహాయమును, ప్రభుత్వ వ్యయమున దీర్ఘకాలము సంస్థలలో ఉంచుటను ప్రధానముగా చూచునదిగా వెలువడినది. పన్ను క్రెడిట్లును, చందా కట్టిన బీమాలును ఆ గణనలోనివి కావు. అయినను ఈ నియమములు ప్రభుత్వములతోపాటు మారు స్వభావము కలవి గనుక, మెడికెయిడ్, స్నాప్ వంటివి కోరుటకు ముందు వలస న్యాయవాదిని ఒకసారి అడుగుట వివేకము. విందులో విన్న మాట న్యాయవాది మాట కాదు.

సంకోచమునకు ఎదుటి తట్టున ఆశ యున్నది. ఎవరి లెక్కయు చూడకముందే పెద్ద రిఫండు తెప్పించెదనని, అందు శాతము పుచ్చుకొనెదనని చెప్పువానిని నమ్మరాదు. డబ్బు పుచ్చుకొని రిటర్ను తయారుచేయువాడు తనకు ఐ.ఆర్.ఎస్. ఇచ్చిన పీటిన్ నంబరు వేసి సంతకము చేయవలెను, చేయనన్నచో లేచి వచ్చివేయవలెను. నియమములను నిర్లక్ష్యము చేసి ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్టు తీసికొన్నవానికి రెండేండ్లు, మోసము చేసినవానికి పదేండ్లు ఆ క్రెడిట్టు నిషిద్ధము. ఆదాయము పరిమితమైనవారికి ఐ.ఆర్.ఎస్. ప్రోద్బలముతో నడచు వీటా స్వచ్ఛంద కేంద్రములు ఉచితముగానే రిటర్ను నింపి పెట్టును; 211కు ఫోను చేసినచో సమీప కేంద్రము చెప్పుదురు. ఐ.ఆర్.ఎస్. సాధారణముగా మొదట ఉత్తరము వ్రాయును. ఫోనులో అరెస్టు చేసెదమని బెదిరించి గిఫ్టు కార్డులడుగువాడు ఐ.ఆర్.ఎస్. కాదు, 2016లో ముంబయి చెంత మీరా రోడ్డులో పోలీసులు పట్టుకొన్న నకిలీ కాల్ సెంటర్లు అట్టి మాటలతోనే ఈ దేశపు జనులను దోచుకొన్నవి.

జనవరినుండి వచ్చు డబ్ల్యు-2, 1098-టి, 1095-ఎ మొదలగు కాగితములను, లీజు ప్రతిని, డే కేర్ రసీదులను ఒక కవరులో పడవేయుచు, ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్టు గల రిఫండు ఫిబ్రవరి నడుమకు ముందు రాదని ఎరిగి తొందరపడక, ఏప్రిల్ 15లోపున రిటర్ను వేయవలెను. గడచిన సంవత్సరములలో విడిచిన క్రెడిట్టేదైన ఇది చదువుచుండగా స్ఫురించినచో, 1040-ఎక్స్ ఫారముతో రిటర్నును సవరించుటకు సాధారణముగా మూడేండ్ల వ్యవధి కలదు. సకాలమున వేసిన 2024 రిటర్నునకు అది 2028 ఏప్రిల్ నడుమ వరకు నడచును. ఫెడరల్ రిటర్ను సవరించినవారు, దానిని బట్టి మారు రాష్ట్రపు రిటర్నును సైతము విడిగా సవరింపవలసియుండును.